అటవీ శాఖ కొలువు: జీతము, శిక్షణ, నిత్యకృత్యము

ఉద్యోగమనగానే మన కాగజ్‌నగర్ విద్యార్థికి మొదట తోచేది పేపరు మిల్లు, ఆ తరువాత సర్కారీ దఫ్తరు. 1942లో ఉత్పత్తి ప్రారంభించిన మిల్లు 2014లో మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం క్రింద తిరిగి తెరచుకొన్నది. నడుమ ఆ నాలుగేండ్లు మిల్లునే నమ్ముకొన్న కుటుంబాల పాట్లు మనకు తెలియనివి కావు. అయితే ఆ మిల్లుకు వెదురునిచ్చిన అడవిలోనూ కొలువులు గలవన్న సంగతి మనవారికి అంతగా పట్టలేదు. పెద్దలు నేటికీ అటవీ శాఖను ‘జంగ్లాత్’ అంటారు. నిజాం కాలపు ఉర్దూ మాట అది. ఆ పిలుపులో కొంత భయము, కొంత విముఖత ధ్వనించుటకు కారణాలు లేకపోలేదు. అవి తరువాత చెప్పుకొందాము.

ఇంటర్మీడియెట్ చదివినవారికి అందే మెట్టు బీటు ఆఫీసరు పదవి. కొన్ని బీట్లు కలిస్తే సెక్షను, సెక్షన్లు కలిస్తే రేంజి, రేంజిలు కలిస్తే డివిజను. మన పట్టణమే ఒక డివిజనుకు కేంద్రము. సెక్షను, రేంజి అధికారుల పదవులకు సైన్సు లేక ఇంజనీరింగు పట్టా కావలెను. ఆపైన గల భారత అటవీ సర్వీసుకు కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్ష, డెహ్రాడూన్‌లోని జాతీయ అకాడమీ శిక్షణ.

ఇక జీతము. 2017లో రాష్ట్ర కమిషను 1,857 బీటు ఆఫీసరు పదవులకు ప్రకటన వేసినప్పుడు స్కేలు రూ. 16,400–49,870. 2021లో అమలైన సవరణతో అది రూ. 24,280–72,850 అయినది. భత్యాలు వేరు. దఫ్తరులో పంకా క్రింద కూర్చుండు జూనియరు అసిస్టెంటుకు కూడ సరిగా ఇదే స్కేలు. ఈ సమానత్వము న్యాయమైనదని మేము అనుకొనలేము. పని ఎట్టిదో చూచినవారెవరూ అనుకొనలేరు.

వ్రాత పరీక్ష నెగ్గిన పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడువవలెను. 25 కిలోమీటర్లంటే ఇక్కడి నుండి దాదాపు ఆసిఫాబాదు దరిదాపులకు చేరినట్లే. ఎంపికైనవారికి హైదరాబాదు చెంత దూలపల్లిలోని అటవీ అకాడమీలో మొక్కల పెంపకము, భూమి కొలతలు, కలప కొలతలు, అటవీ చట్టాలు, వన్యప్రాణి సంరక్షణ నేర్పుదురు. రేంజి అధికారులకు శిక్షణ పదునెనిమిది నెలలు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో ఫారెస్ట్రీ పట్టా చదువు గలదన్నది మన సైన్సు విద్యార్థులు గుర్తించదగిన విషయము.

బీటు ఆఫీసరు దినచర్య కాలినడకతోనే మొదలు. హద్దు రాళ్ళు కదిలినవా, కొత్తగా నరికిన టేకు మొద్దులెన్ని, చెలమలలో నీరున్నదా అని చూచి వ్రాసుకొనవలెను. దొంగ కలప దొరికితే పంచనామా చేసి, నేర నివేదిక పంపి, కోర్టుకు సాక్షిగా తిరుగవలెను. వానకాలము మొక్కలు నాటించుట. ఫిబ్రవరి నుండి నిప్పు భయము. ఎండుటాకులు ఊడ్చి నిప్పు అంటకుండ బాటలు తీయించవలెను. ఇప్పపువ్వు ఏరుకొనుటకు చెట్టు క్రింద పెట్టిన చిన్న మంట కూడ గుట్టంతా కాల్చగలదు. వేసవిలో తునికాకు సేకరణపై కన్ను. ఇవన్నీ చాలవన్నట్లు పులి!

మహారాష్ట్రలోని తాడోబా నుండి 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాలుకు పోవు దారి మన డివిజను మీదుగానే ఉన్నది. పాదముద్రలు కొలుచుట, చెట్లకు కెమెరాలు కట్టుట, పశువు చచ్చిన రైతుకు పరిహారము వ్రాయించుట బీటు ఆఫీసరు భారమే. 2024 జనవరిలో దరిగావ్ అడవిలో రెండు పులులు చచ్చి పడియుండెను. అదే ఏడు నవంబరులో గన్నారం దాపున పత్తిచేలో ఒక యువతి పులివాత పడినది. అటు పులినీ ఇటు మనిషినీ కాపాడవలసినవాని చేతిలో తరచు కర్ర తప్ప వేరొకటి ఉండదు.

పోడు వివాదము మరింత క్లిష్టమైనది. 2019 జూన్ 30న మన మండలములోని కొత్త సార్సాలలో మొక్కలు నాటించబోయిన మహిళా రేంజి అధికారిపై దాడి జరిగినది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజి అధికారి హత్యకు గురియైనాడు. ఈ దుశ్చర్యలను ఎవరూ సమర్థించరు. అయినను 1940లో కొమరం భీము ప్రాణమిచ్చినది ఈ నేలపై అడవి హక్కు కొరకే; 2006 చట్టము ఆ హక్కును గుర్తించినది. 2025 మే నెలలో ఇక్కడి అడవిని కొమరం భీం సంరక్షణ ప్రాంతముగా ప్రభుత్వము ప్రకటించగా, ఆదివాసుల నిరసన మీద జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేయవలసి వచ్చినది. హద్దు రాయికి ఇరుప్రక్కల మనుషులున్నారని ఎరిగిన అధికారియే ఇక్కడ నెగ్గుకొని రాగలడు.

అందుకు భాష కావలెను. తెలుగు, ఉర్దూ, మరాఠీ బజారులోనే నేర్చి, గోండీ కొంచెమైనా అర్థము చేసికొను మన విద్యార్థికి హైదరాబాదు అభ్యర్థికి లేని బలము గలదు. గూడెముల యువకులు ఇప్పటికే జంతువుల జాడ తీయువారుగా, బేసుక్యాంపు వాచర్లుగా తెల్లవారకమునుపే అడవిలో తిరుగుచున్నారు. పులి అడుగు ఆడదో మగదో చూడగానే చెప్పు నేర్పరులు వారిలో గలరు. వారు శాశ్వతోద్యోగులు కారు. పైన వ్రాసిన స్కేళ్ళు వారికి వర్తించవు.