పాత కారుకి ఏం పొయ్యాలి? ఎప్పుడు మార్చాలి?



కారు కొత్తలో పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ఎంతో ముద్దుగా చూసుకుంటాం. లక్ష కిలోమీటర్లు దాటాక "నడుస్తూనే ఉందిగా!" అని వదిలేస్తాం. నిజానికి జాగ్రత్త కావలసింది అప్పుడే. పిల్లల్ని బడికి దింపేదీ, సెలవుల్లో ఇంటిల్లిపాదినీ తిరుమల కొండ ఎక్కించి దింపేదీ ఆ కారే కదా! మెకానిక్కుకి అప్పజెప్పినా, అతను అందులో ఏం పోస్తున్నాడో మనకి తెలిసుండాలి.

ముందుగా ఒక్క మాట. తగ్గినంత నింపడం వేరు, పాతది తీసేసి కొత్తది పొయ్యడం వేరు. పాత బళ్లకి చాలామంది నింపడంతోనే సరిపెట్టేస్తారు.

ఇంజను ఆయిలు సంగతి చూద్దాం. కారుని సమంగా ఉన్నచోట నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకి కొలపుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. నల్లబడినంత మాత్రాన ఆయిలు చెడిపోయినట్టు కాదు, మసిని తనలో కలుపుకోవడం దాని పనే. మజ్జిగలా తెల్లగా కనిపిస్తే మాత్రం నీళ్లు కలిశాయన్నమాట. వెంటనే చూపించండి. పొగగొట్టంలోంచి నీలిపొగ వస్తుంటే ఆయిలు కాలిపోతోందని గుర్తు.

"పాత ఇంజనుకి చిక్కటి ఆయిలు పొయ్యాలమ్మా" అంటారు కొందరు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 వంటి గుర్తు ఉంటుంది. మొదటి అంకె చలిలో, రెండోది వేడెక్కాక ఆయిలు చిక్కదనాన్ని చెబుతాయి. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్న రకాల్లోంచే ఎంచుకోండి. మరీ చిక్కటిదైతే పొద్దున్నే స్టార్టు చెయ్యగానే పై భాగాలకి ఆలస్యంగా అందుతుంది, అరుగుదల పెరుగుతుంది. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు, నెలలు, వీటిలో ఏది ముందొస్తే అప్పుడు మార్పించండి.

ఇక రేడియేటరు. కుళాయి నీళ్లు పోస్తే, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టే అందులోనూ సున్నం పేరుకుంటుంది, తుప్పూ పడుతుంది. తగిన కూలెంటే పొయ్యాలి. కలిపి వాడే రకమైతే డిస్టిల్డ్ వాటరు కలపాలి. రంగు ఒకటే కదా అని ఏదో ఒకటి కొనకండి, ఒకే రంగులో వేరు వేరు రకాలుంటాయి. ఇంజను వేడిగా ఉండగా మూత తియ్యవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇంకో మాట, కూలెంటు తియ్యగా ఉంటుంది గానీ విషం. డబ్బా పిల్లలకి అందనివ్వకండి.

అందరూ మరిచిపోయేది బ్రేకు ఆయిలు. పేరుకి ఆయిలే గానీ మన కార్లలో వాడేది నూనె కాదు. తగ్గిందని అందులో ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు భాగాలు ఉబ్బి, బ్రేకులు పాడవుతాయి. వానాకాలంలో ఉప్పు చెమ్మగిలినట్టు, ఈ ద్రవం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక 155 డిగ్రీలకే మరిగే స్థితి రావచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు తొక్కితే విపరీతంగా వేడెక్కి, లోపల ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు!

అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి దీన్ని పూర్తిగా మార్పించాలి. మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. ఆ రకమే, కొత్తగా సీలు విప్పిన డబ్బాలోంచే పొయ్యమనండి. తడి గరిటె ముంచిన ఆవకాయ జాడీని నిలవకి ఉంచం కదా! అంకె దగ్గరే కదా అని డాట్ 5 పోయించకండి, అది సిలికోన్‌తో చేసిన వేరే రకం. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెమ్మదిగా తగ్గడం మామూలే. ఉన్నట్టుండి తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే, బండి కదపవద్దు.

ఇంటి ఖర్చుల పుస్తకంలో ఒక పేజీ కారుకి కేటాయించండి. ఏం మార్చారో, ఏ రకమో, ఏ తేదీనో, ఎన్ని కిలోమీటర్ల దగ్గరో రాసి పెట్టుకోండి. ఈసారి కొండకి బయల్దేరేముందు ఆ పేజీ తీసి, బ్రేకు ఆయిలు మార్చి ఎన్నాళ్లయిందో ఒక్కసారి చూసుకోండి.