పింగాణీ బొమ్మ

కోనసీమలో పాతయింటి అటకమీద ఆవకాయ జాడీ యుండక తప్పదు. దానిని మనము పింగాణీ జాడీ యందుము. నిజమునకది పింగాణీ కాదు, రాతిమట్టి పాత్ర. పలుచని పింగాణీ గిన్నెను దీపమునకెదురుగా పట్టినచో వెలుగు దానిలోనుండి లేతగా కనబడును. మన జాడీలో దీపము వెలిగించినను చీకటియే! ఆ వెలుగుకొరకే నేటి శిల్పులు కొందరు అరచేతిలో నిమిడెడి చిన్న బొమ్మలను పింగాణీతో మలచుచున్నారు.

చిన్ననాడు సంక్రాంతి కొలువులో నిలుపవలెనని, గోదావరి కాలువగట్టు మట్టితో నేనొక కృష్ణుని చేసితిని. కుమ్మరి తాత ఆవములో పెట్టగా అది పగిలి మూడు ముక్కలైనది. "లోపల తడి ఉండిపోయింది బాబూ" అని అతడు పెదవి విరిచెను. చిక్కిన తడి ఆవిరియై గోడను చీల్చునని నాకు తెలిసినది చాల యేండ్లకు. ముక్కలు మాత్రము ఎర్రగా, అందముగా కాలినవి. ఒండ్రుమట్టిలోని యినుము చేసిన రంగది. ఆ యినుమే దానిని అధికమైన వేడికి నిలువనీయదు.

పింగాణీకి తెల్లమట్టి, చంద్రకాంతశిలపొడి, పలుగురాతిపొడి కావలెను. ఆ తెల్లమట్టికి కేయోలిన్ అను పేరు చైనాలో జింగ్‌డెజెన్ చెంతనున్న గావోలింగ్ గ్రామమునుండి వచ్చినది. మనకును సాగుగుణముగల లేతవన్నె బంకమట్టి ద్వారకాతిరుమల ప్రాంతమున కలదు. కొలిమి వేడి సుమారు 1300 డిగ్రీలు. ఆ వేడిలో బొమ్మ మెత్తబడును, సుమారు ఏడవవంతు కుదించుకొనిపోవును. చాచిన చేయి వంగును, సన్నని మెడ వాలును. బొమ్మ చిన్నదగుటకు సౌకుమార్యమొక్కటే కారణము కాదు. ఈ భయమును కలదు.

ఐరోపావారికి ఈ రహస్యము 1708 ప్రాంతమున బోట్గర్ అను రసవాదికి గాని చిక్కలేదు. బంగారము చేయునని సాక్సనీ ప్రభువు బంధించియుంచగా, అతడు మట్టిని సాధించెను! 1710లో మైసెన్ కర్మాగారము వెలసినది. 1731లో అచట చేరిన కేండ్లర్ మలచిన చిన్న బొమ్మలు రాజుల విందుబల్లలపై చక్కెరబొమ్మల స్థానము నాక్రమించినవి. అదియును ఒక బొమ్మలకొలువే కదా!

తెలుగువారికి ఈ కళ కొత్త కాదు. హైదరాబాదులోను, బరోడాలోను చదివిన పి.ఆర్. దరోజ్ మృత్కళలో గోడలంత శిల్పములను నిలిపినవాడు. వినోద్ దరోజ్ బరోడాలో పనిచేయుచు దేవాలయ రూపములను పింగాణీలోనికి తెచ్చినాడు. అయినను మన బాలుడీ విద్య నభ్యసించుటకు ఊరు విడువవలసినదే. నేను చూచిన పాఠశాలలలో మట్టిబొమ్మ చేయింతురు. ఎండబెట్టి, మార్కులు వేసి, వానకాలమునకు పారవేయుదురు. కాల్చువా రరుదు. కాలని మట్టి నీట కరగి మరల మట్టియే యగును. కాలినది వేల యేండ్లు నిలుచును. పిల్లవానికి ఆ భేదము చేతికి తెలియవలెను గదా.

పనివారొక మాట చెప్పుదురు: పింగాణీమట్టికి జ్ఞాపకమున్నదట. పచ్చిగానున్నప్పుడు పొరపాటున వంకరైన చేతిని మరల తిన్నగా దిద్దినను, కొలిమిలో అది తొలివంకకే మరలునట. నా మట్టి కృష్ణుని మెడను నేనెన్నిమార్లు వంచి దిద్దితినో!

మాస్టారులెవరైన రెండు బొమ్మలను ఒకే కొలతతో చేయించి, నీడలో పది దినములారనిచ్చి, ఒకదానిని మాత్రము ఊరి ఆవములో పెట్టించి చూడవచ్చును. కొలబద్ద పిల్లల చేతనే యుండనిండు.