గొంతు మారాలంటే ఆపరేషనేనా?

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం బస్టాండులో నగరానికి వెళ్లే బస్సు కోసం నిల్చున్న ఓ అమ్మాయిని ఊహించుకోండి. చుడీదార్, జడ, బొట్టు. ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఇంతలో ఫోన్ మోగుతుంది. ‘హలో’ అనగానే అవతల కొరియర్ అబ్బాయి, ‘సార్, మేడమ్‌కు ఇస్తారా?’ అంటాడు. పక్కనున్నవాళ్లు కూడా ఆ గొంతు విని తల తిప్పుతారు. అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా జీవిస్తున్న ట్రాన్స్ మహిళల్లో చాలామందికి ఇది రోజూ ఎదురయ్యేదే. తెలుగులో ‘వస్తున్నా’ అని ఆడవాళ్లయినా, మగవాళ్లయినా ఒకేలా అంటారు. అందుకే ఫోన్లో మనం పోల్చుకునేది గొంతును బట్టే.

‘ఆపరేషన్ చేయించుకుంటే గొంతు మారిపోతుందట కదా’ అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? తొందరపడి కాదనకండి, తొందరపడి సరే అని కూడా అనకండి. ముందు విషయం తెలుసుకోండి.

హార్మోన్లతో మారదా?

చిన్నతనంలో అబ్బాయిల గొంతుకు, అమ్మాయిల గొంతుకు పెద్ద తేడా ఉండదు. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ ప్రభావంతో అబ్బాయిల స్వరపేటిక పెరుగుతుంది. లోపలి స్వరతంత్రులు పొడవుగా, మందంగా తయారవుతాయి. మాట్లాడేటప్పుడు మగవారి స్వరతంత్రులు సెకనుకు సుమారు 100-130 సార్లు కంపిస్తే, ఆడవారివి సుమారు 180-220 సార్లు కంపిస్తాయి.

ఒకసారి మందమైన తంత్రులను ఈస్ట్రోజన్ మాత్రలు పలచబరచలేవు. కాబట్టి ట్రాన్స్ మహిళల గొంతు హార్మోన్లతో మారదు. అదే టెస్టోస్టిరాన్ తీసుకునే ట్రాన్స్ పురుషుల్లో కొన్ని నెలల్లోనే గొంతు బరువెక్కుతుంది. వారిలో చాలామందికి శస్త్రచికిత్స అవసరం పడదు. అయితే మందు మానేసినా ఆ మార్పు వెనక్కి రాదు.

ముందు సాధన

గొంతు అంటే శ్రుతి ఒక్కటే కాదు. మాటలోని ఎత్తుపల్లాలు, గొంతులో, నోట్లో శబ్దం మార్మోగే తీరు, ఊపిరి వాడుకునే పద్ధతి అన్నీ కలిస్తేనే ఆడ గొంతు, మగ గొంతు అనిపిస్తుంది. ఇవన్నీ స్పీచ్ థెరపిస్ట్ దగ్గర నేర్చుకోవచ్చు. కొన్ని నెలల సాధనతోనే తృప్తిపడి, ఆపరేషన్ ఆలోచన మానుకునేవారూ ఉన్నారు. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యంపై 2022లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా శస్త్రచికిత్స కోరుకునేవారిని గొంతు నిపుణుల దగ్గరికి పంపాలనే చెబుతున్నాయి. సొంతంగా కీచుగొంతుతో మాట్లాడుతూ పోతే తంత్రులు వాచి, గొంతు బొంగురుపోతుంది.

శస్త్రచికిత్సలో ఏం చేస్తారు?

ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. వెండ్లర్ గ్లాటోప్లాస్టీలో నోటి గుండానే పరికరాలు పంపి, స్వరతంత్రుల ముందు భాగాన్ని కలిపి కుడతారు. కంపించే పొడవు తగ్గి శ్రుతి పెరుగుతుంది. మెడ మీద మచ్చ పడదు. రెండోది క్రైకోథైరాయిడ్ అప్రాక్సిమేషన్. మెడ దగ్గర కోసి, స్వరపేటికలోని రెండు మృదులాస్థులను దగ్గరికి లాగి బిగిస్తారు. కొందరిలో ఆ బిగువు క్రమంగా సడలి గొంతు మళ్లీ దిగుతుంది.

ఆడమ్స్ యాపిల్‌ను చెక్కి చదును చేసే ఆపరేషన్ వేరు. అది ఆకారం కోసమే, గొంతును మార్చదు. మరీ ఎక్కువగా చెక్కితే ఉన్న గొంతూ దెబ్బతినవచ్చు.

గొంతు ఆపరేషన్‌లో శ్రుతి పెరిగినా బిగ్గరగా పిలవలేకపోవడం, బొంగురు, పాడే పరిధి తగ్గడం వంటి ఇబ్బందులు రావచ్చు. తర్వాత కొద్దిరోజులు పూర్తి మౌనం, ఆపై మళ్లీ థెరపీ తప్పవు. గొంతు కుదుటపడటానికి నెలలు పడుతుంది. నచ్చలేదని పాత గొంతుకు తిరిగి వెళ్లడం అంత తేలిక కాదు. పాఠాలు చెప్పేవారు, పాడేవారు, కాల్ సెంటర్లో పనిచేసేవారు ఇది మరింత ఆలోచించుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట ఈఎన్‌టీ నిపుణుల దగ్గర కెమెరాతో స్వరతంత్రుల పరీక్ష చేయించాలి. ఇబ్రహీంపట్నం వైపు వారికి హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వైద్య సదుపాయాలు కల్పించాలని 2019 చట్టం చెబుతోంది. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు విధుల్లో చేరారు. అడగటానికి మొహమాటపడే రోజులు కావివి.

సర్జన్‌ను ఈ నాలుగూ అడగండి:

* ఈ ఆపరేషన్ ఎంతమందికి చేశారు?
* వారి ముందు, తర్వాతి గొంతు రికార్డింగులు వినిపిస్తారా?
* తర్వాత థెరపీ ఎవరిస్తారు?
* ఫలితం రాకపోతే ఏం చేస్తారు?

ఇంట్లోవాళ్ల వంతు

సాధన మొదలుపెట్టిన పిల్లలు ముందు ఇంట్లోనే కొత్త గొంతుతో మాట్లాడి చూస్తారు. అప్పుడు నవ్వితే మళ్లీ నోరు విప్పరు. మౌనం పాటించాల్సిన రోజుల్లో చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. తన గురించి చెప్పేటప్పుడు ‘వచ్చాడు’ బదులు ‘వచ్చింది’ అనండి. దానికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు, ఈరోజే మొదలుపెట్టొచ్చు.