గవ్వలను కొరికే బీరువా

బీరువాలో ఏళ్ల తరబడి భద్రంగా దాచిన గవ్వల మీద తెల్లటి పొడి ఎందుకు పుడుతుందన్న పాఠకుల ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, మ్యూజియాల పండితులను దశాబ్దాల పాటు తికమక పెట్టిన చిక్కు అదే.

మ్యూజియాల పుట్టుక గురించి ముందుగా చెప్పుకోవలసింది కొంతే. ప్రాచీన అలెగ్జాండ్రియాలోని 'మూసెయోన్' ప్రధానంగా పండితుల నిలయం. నేటి మ్యూజియానికి పూర్వరూపం 16, 17 శతాబ్దాల ఐరోపాలో రాజులు, వైద్యులు, వర్తకులు నింపుకున్న వింత వస్తువుల గదులు. కోపెన్‌హాగన్ వైద్యుడు ఓలె వోర్మ్ సేకరణ వివరాలు 1655లో అచ్చయ్యాయి, 1683లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియం తెరుచుకుంది, హాన్స్ స్లోన్ సేకరణ పునాదిగా 1753లో చట్టం ద్వారా ఏర్పడిన బ్రిటిష్ మ్యూజియం 1759లో సందర్శకులను రానిచ్చింది, 1814లో కలకత్తాలో ఇండియన్ మ్యూజియం మొదలైంది. ఈ క్రమంలో వింతల గది వర్గీకరణ శాలగా మారింది. గవ్వలను జాతులవారీగా అమర్చడానికి సొరుగులు కావలసి వచ్చాయి, ఆ సొరుగులకు ఐరోపా వడ్రంగులు మెచ్చిన గట్టి కలప ఓక్.

ఆ ఓక్ సొరుగుల్లోనే గవ్వలు మెరుపు కోల్పోయి, ముట్టుకుంటే వేలికి అంటే పొడి రాల్చసాగాయి. సముద్రపు గాలిలోని ఉప్పు దీనికి కారణమని 1896లో ఆగ్నెస్ కెన్యన్ అనే పరిశీలకురాలు అనుకున్నారు. 1899లో బ్రిటిష్ ప్రకృతి పరిశీలకుడు లోఫ్టస్ బైన్ ఇది గవ్వ నుంచి గవ్వకు సోకుతుందని, సూక్ష్మజీవులు పుట్టించే బ్యుటిరిక్ ఆమ్లం దీన్ని ముదరబెడుతుందని వాదించారు. పక్కపక్క గవ్వలు వరసగా పాడవుతుంటే అంటువ్యాధి అనుకోవడం సహజమే గాని, అన్నిటికీ తలదాచుకునే చోటు ఒక్కటేనన్న సంగతి ఆయనకు తట్టలేదు. అయినా ఈ క్షయానికి 'బైన్ వ్యాధి' అన్న పేరే స్థిరపడింది. పొరబడినవారి పేరే శాశ్వతం కావడం విజ్ఞాన చరిత్రలో అరుదేమీ కాదు. 1934లో రసాయన శాస్త్రవేత్త నికల్స్ దోషం ఓక్ కలపదేనని చూపారు.

జరిగేది ఇది. కలపలో సెల్యులోజ్‌తో పెనవేసుకుని ఉండే హెమిసెల్యులోజ్ అనే పదార్థానికి ఎసిటైల్ గుంపులు అతుక్కుని ఉంటాయి. గాలిలోని తేమ వాటిని నెమ్మదిగా విడదీస్తే ఎసిటిక్ ఆమ్లం, అంటే వినెగర్‌కు పులుపునిచ్చే ఆమ్లం, ఆవిరిగా వెలువడుతుంది. చెట్టు నరికి ఎన్నేళ్లయినా ఈ పని ఆగదు, పైగా సొరుగు ఎంత బిగుతుగా మూసుకుంటే ఆవిరి అంత చిక్కబడుతుంది, కాబట్టి దుమ్ము చొరబడకుండా నేర్పుగా చేసిన బీరువాయే ఎక్కువ హాని చేస్తుంది! గవ్వ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఆమ్లం సోకగానే అది కాల్షియం ఎసిటేట్‌గా మారి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. సముద్రపు ఉప్పు తాలూకు క్లోరైడ్ గవ్వలో మిగిలి ఉంటే అదీ కలిసి 'కాల్క్లసైట్' అనే స్ఫటికం ఏర్పడుతుంది. కెన్యన్ ఊహలో ఆ మాత్రం నిజం ఉంది. టెనెంట్, బెయిర్డ్ అనే పరిశోధకులు 1985లో ఈ పొడిని విశ్లేషించి, ఫార్మిక్ ఆమ్లపు లవణాలు కూడా చేరి ఉన్నాయని నిర్ధారించారు. అంటే ఆ పొడి బయటి నుంచి వచ్చి పడిన బూజు కాదు, రూపం మారిన గవ్వే. తుడిచిన ప్రతిసారీ గవ్వ కొంత పోతుంది.

ఈ గుణపాఠం తరువాత మ్యూజియాలు బీరువానే అనుమానించడం నేర్చుకున్నాయి. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ రూపొందించిన పరీక్షలో, ప్రదర్శన పెట్టెకు వాడదలచిన కలపనో గుడ్డనో వెండి, రాగి, సీసపు రేకులతోపాటు కాస్త నీటితో గాజుపాత్రలో బిగించి, 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో 28 రోజులు ఉంచుతారు. సీసం తెల్లబారితే కర్బన ఆమ్లాల ఆవిరి ఉన్నట్టు, వెండి నల్లబడితే గంధకం ఉన్నట్టు. రాతి విషయంలోనూ ఇదే జాగ్రత్త: బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి స్తూపపు శిల్పాలు కూడా గవ్వల్లాగే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. 1880లో ఆ మ్యూజియానికి చేరిన ఫలకాలు 1992 నుంచి గాజు తెర వెనుక, తేమ అదుపులో ఉంచిన గదిలో ఉన్నాయి.

ఇళ్లలో గవ్వలు దాచేవారికి ఇందులో పనికొచ్చే ముక్క ఏదంటే, ఎనామెల్ పూసి కాల్చిన ఉక్కు సొరుగు మేలు. జిగురుతో అతికించిన చెక్కపొడి పలకలు ఫార్మాల్డిహైడ్‌ను వదులుతాయి, అది ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. వార్నిష్ పూస్తే చాలని వడ్రంగులు చెబుతారు గాని, ఆవిరి దాన్ని దాటి వస్తుంది.