కదిలే రైలులో చదరంగం

రైలులో ఎప్పుడైనా చదరంగం ఆడారా? విజయవాడ వెళ్తూ నేనూ నా మిత్రుడూ ట్రంకుపెట్టె మీద బల్ల పరిచాం. గెలుపు నాదే అనుకుంటుండగా బ్రేకు పడింది. బల్ల ఆగింది, నా మంత్రి ఆగలేదు! జడత్వమంటే ఇదే. బల్లకూ పావుకూ మధ్య ఘర్షణ చాలకపోతే పావు ముందుకు జారుతుంది. ఘర్షణ చాలినా, పొడవాటి రాజు ఒరిగిపోవచ్చు. అతని గరిమనాభి ఎత్తులో ఉంటుంది గదా!

అయినా రైలులోనే పోటీ పెట్టినవారున్నారు. చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నుంచి 2011లో చదరంగం రైలు బయలుదేరింది. రైలు నడుస్తుంటే ఆటలు, ఊరు వస్తే దిగి షికారు!

ప్రయాణాల కోసం అయస్కాంతపు పావులు దొరుకుతాయి. అయస్కాంతం పావును ఇనుపరేకు బల్లకు అదిమిపట్టి ఘర్షణను పెంచుతుంది. మరి బరువే తెలియని అంతరిక్షంలోనో? 1970 జూన్ 9న సోయజ్-9 నౌకలోని నికొలయేవ్, సెవస్త్యానోవ్‌లు భూమి మీదివారితో రేడియో ద్వారా ఆడారు. వారి పావులు బల్లలోని గాడులలో ఇమిడి ఉండేవి. ఆట డ్రా అయింది.

పోటీలలో ప్రతి ఎత్తునూ కాగితం మీద రాస్తారు. అది ఉంటే పావులు చెదిరినా ఆటను మళ్ళీ పేర్చవచ్చు. మేము రాసుకోలేదు. ఆ ఆట తనదేనని నా మిత్రుడు ఇప్పటికీ అంటాడు.