పేరెక్కింది గానీ పని మొదలవలేదు!

మన సంఘ సభ్యుల్లో కొట్లు, చిన్న కార్ఖానాలు, మగ్గాల షెడ్లు నడుపుకునేవారు చాలామందే ఉన్నారు. షోలాపూరులో టవళ్ళ వ్యాపారమైనా, హోసూరులో ఇనుప సామాన్ల కొట్టైనా, బరంపురంలో బట్టల దుకాణమైనా ఈవేళ లెక్కలన్నీ కంప్యూటరులోనే. బిల్లు కొట్టేటప్పుడు తెర మీద కనిపించే ప్రోగ్రాము ఒకటి. దాని వెనుక ఉండి బాకీలు, సరుకు నిల్వలు, జీఎస్టీ లెక్కలు భద్రపరిచే డేటాబేసు మరొకటి. ఈ రెండోది కంటికి కనబడదు. కంప్యూటరు ఆన్ చేయగానే, ఎవరూ పాస్‌వర్డు కొట్టకముందే, తనంతట తాను లేచి పనిలో పడుతుంది. ఇలాంటి వాటిని విండోసులో సర్వీసులు అంటారు.

వీటితో ఒక చిత్రమైన తంటా ఉంది. ఇన్‌స్టాలు చేస్తే ఏ పేచీ లేకుండా పూర్తవుతుంది. తీరా స్టార్టు నొక్కితే గీత సగం దాకా పాకి, ఏదో ఒక అంకె చూపించి ఆగిపోతుంది. వెంటనే మనం చేసే పని, దాన్ని తీసేసి మళ్ళీ వేయడం. మళ్ళీ అదే అంకె. మూడోసారికి ఎవరో తెలిసిన కుర్రవాడు వచ్చి, "మొత్తం తుడిచేసి కొత్తగా వేసేద్దాం అంకుల్" అంటాడు. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది. ప్రోగ్రాము పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఏడాది పొడుగునా రాసుకున్న లెక్కల ఫోల్డరు కూడా దానితో చెరిగిపోతే ఎవరు తెచ్చిస్తారు? అందుకని ఏ మరమ్మతుకైనా ముందు, ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసైతే అది మామూలుగా సీ డ్రైవులో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డరు లోపల ఉంటుంది. ఆ ఫోల్డరు పైకి కనబడదు. దాచిన ఫైళ్ళు కూడా చూపించమని వ్యూ మెనూలో చెప్పాలి.

ఇంతకీ ఇన్‌స్టాలు అయిన సర్వీసు ఎందుకు లేవదు? విండోసులో సర్వీస్ కంట్రోల్ మేనేజరు అని ఒక మేస్త్రీ ఉన్నాడు. 1993లో వచ్చిన విండోసు ఎన్టీ నాటి నుంచి నేటి విండోసు 11 దాకా ఆ ఉద్యోగం అతనిదే. ఇన్‌స్టాలు చేసేటప్పుడు ఈ మేస్త్రీ తన చిట్టాలో సర్వీసు పేరు, దాని ఫైలు ఉన్న చోటు, ఎవరి పేరున నడవాలి, తనకంటే ముందు ఏవేవి నడుస్తూ ఉండాలి అన్న వివరాలు రాసుకుంటాడు. ఆ చిట్టానే రిజిస్ట్రీ అంటారు. ఆ ఫైలు నిజంగా అక్కడుందా, పనిచేస్తుందా అని చూసే బాధ్యత అప్పటికి అతనికి లేదు. రేషను కార్డులో పేరెక్కినంత మాత్రాన బియ్యం ఇంటికి రావు కదా! పరీక్షంతా స్టార్టు నొక్కినప్పుడే. ఎక్కడ ఆగిపోయిందో తెర మీది అంకె చెబుతుంది. కనుక ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. అమెరికాలో ఉన్న మేనల్లుడికి ఫోను చేసినా, "పనిచేయడం లేదురా" అనడం కంటే "1069 అంటోందిరా" అంటే అతనికి సగం పని తగ్గుతుంది.

2 వస్తే, చిట్టాలో రాసిన చోట ఫైలు లేదని అర్థం. ఒక్కోసారి యాంటీవైరసు దాన్ని దొంగ అనుకుని ఎత్తుకుపోయి ఉంటుంది. 5 వస్తే అనుమతి లేదని. 1068 వస్తే, ఇది ఆధారపడిన మరో సర్వీసు లేవలేదన్నమాట. ముందు దాని సంగతి చూడాలి. 193 వస్తే ఆ ఫైలు చెడిపోయి ఉండవచ్చు, లేదా ఈ కంప్యూటరుకు సరిపడనిదై ఉండవచ్చు. దీనికే ఇంకో తమాషా కారణం ఉంది. సీ డ్రైవులో ఎవరో పొరపాటున ప్రోగ్రామ్ అనే పేరుతో ఒక ఫైలు పెట్టి ఉంటారు. చిట్టాలో ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న దారి కొటేషన్ గుర్తులు లేకుండా రాసి ఉంటే, విండోసు ఖాళీ దగ్గర ఆగి ఆ ఫైలునే పట్టుకుంటుంది. ఆ ఫైలు పేరు మార్చేస్తే సరి.

ఎక్కువమందిని ఏడిపించేది "ఎవరి పేరున" అన్న సంగతి. సర్వీసును మనిషి పేరున నడిపించవచ్చు. అప్పుడు అతని పాస్‌వర్డు కూడా మేస్త్రీ దగ్గర ఉంటుంది. అబ్బాయి వచ్చి, భద్రత కోసమని కంప్యూటరు పాస్‌వర్డు మార్చి వెళ్తాడు. మర్నాడు మనం కొత్త పాస్‌వర్డుతో లోపలికి వెళ్తాం, సర్వీసు మాత్రం పాతదే చెప్పి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. 1069 అంటే చాలావరకు ఇదే. సర్వీసెస్ కిటికీలో ఆ పేరు మీద రెండుసార్లు నొక్కి, లాగాన్ అన్న చోట కొత్త పాస్‌వర్డు ఇస్తే పోతుంది. సర్వీసుగా నడిచే హక్కు ఆ మనిషికి లేకపోయినా ఇదే అంకె వస్తుంది. ఆ కిటికీలో పేరు ఇచ్చినప్పుడు విండోసే ఆ హక్కు కూడా ఇస్తుంది.

మనిషి పేరున కాకపోతే లోకల్ సిస్టమ్, లోకల్ సర్వీస్, నెట్‌వర్క్ సర్వీస్ అనే ఖాతాలున్నాయి. ఇక్కడ ఇంకో చిక్కు. మనం రెండుసార్లు నొక్కి తెరిస్తే చక్కగా నడిచే ప్రోగ్రామే సర్వీసుగా పెడితే కూలబడుతుంది. కారణం, మనకు కనిపించే జెడ్ డ్రైవు మన ఒక్కరిది. సర్వీసుకు అది లేనే లేదు. దానికి నెట్‌వర్కులోని కంప్యూటరు పేరుతో పూర్తి చిరునామా ఇవ్వాలి. ఆ కంప్యూటరులోకి అనుమతి ఉన్న పేరున నడిపించాలి. కొందరు విసిగిపోయి అన్నిటినీ లోకల్ సిస్టమ్ కింద పెట్టేస్తారు. నాకది నచ్చదు. ఒక అలమర కోసం ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టు ఉంటుంది. కావలసిన ఫోల్డరుకు మాత్రం అనుమతి ఇస్తే చాలు.

1053 సంగతి వేరు. సర్వీసు లేచి "నేను సిద్ధం" అని మేస్త్రీకి కబురు పెట్టాలి. మామూలు గడువు 30 సెకండ్లు. అసలు సర్వీసుగా రాయని ప్రోగ్రామును తెచ్చి సర్వీసుగా నమోదు చేస్తే, దానికి ఆ కబురు పెట్టడమే రాదు. దానికి కావలసిన డాట్‌నెట్ కంప్యూటరులో లేకపోయినా ఇంతే. రిజిస్ట్రీలో గడువు పెంచమని సలహా ఇచ్చేవారున్నారు. కంప్యూటరు నిజంగా నెమ్మదైతే అది పనికొస్తుంది గానీ, మాట రానివాడికి ఎంత గడువిస్తే మాత్రం ఏం లాభం? ఇంకో మాట. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి సర్వీసులకు వేరే గది. అక్కడ ప్రోగ్రాము ఏదైనా ప్రశ్న వేసి "ఓకే నొక్కండి" అని కూర్చుంటే, ఆ ప్రశ్న మనకు కనబడనే కనబడదు.

1067 అంటే లేచింది, వెంటనే పడిపోయింది. మాకు తెలిసినవారి టవళ్ళ కొట్టులో ఇదే జరిగింది. కొత్త బిల్లింగు ప్రోగ్రాము తనతోపాటు ఒక మైఎస్‌క్యూఎల్ తెచ్చుకుంది. పాత ప్రోగ్రాముదీ ఒకటి అప్పటికే నడుస్తోంది. రెండింటికీ 3306 అనే పోర్టే కావాలి. ఒకే గుమ్మంలో ఇద్దరెలా కూర్చుంటారు? రెండు రోజులు తీయడం, వేయడం అయ్యాక, చివరికి డేటా ఫోల్డరులో కంప్యూటరు పేరుతో, చివర ఈ ఆర్ ఆర్ అని ఉండే ఫైలు తెరిచి చూశారు. పోర్టు ఖాళీ లేదని అందులో రాసే ఉంది! సెట్టింగుల ఫైలులో 3307 అని మార్చి, కొత్త బిల్లింగు ప్రోగ్రాముకూ అదే చెప్పారు. పాత లెక్కలకు ఏమీ కాలేదు.

డేటాబేసు తన చిట్టా తాను రాసుకున్నట్టే, మేస్త్రీ కూడా రాస్తాడు. స్టార్టు మెనూలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. 7000 అంటే సర్వీసు మొదలవలేదని, 7009 అంటే గడువు దాటిందని, 7038 అంటే పాస్‌వర్డు దగ్గర ఆగిందని. పక్కనే ఉన్న అప్లికేషన్ లాగ్‌లో ప్రోగ్రాము తన గోడు చెప్పుకుని ఉండవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా తీసేసి వేయక తప్పదనుకుంటే, లెక్కల కాపీ పెన్‌డ్రైవులో తెరుచుకుంటోందో లేదో ముందు చూసుకోండి. తీసేసే ముందు సర్వీసెస్ కిటికీ మూసేయండి. అది తెరిచి ఉంటే పాత పేరు చిట్టాలోంచి పూర్తిగా పోక 1072 అని వస్తుంది. మూసినా పోకపోతే కంప్యూటరును ఒకసారి రీస్టార్టు చేయండి, పోతుంది.