గేర్‌బాక్స్‌కు వడదెబ్బ

2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బండ్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు, కరువు సీమలో కార్లు తయారవుతున్నాయన్నదే పెద్ద వార్త. ఆ కారులో క్లచ్ తొక్కే పని లేని గేర్‌బాక్సులు ఒకటి కాదు, మూడు రకాలున్నాయన్న సంగతి అప్పట్లో షోరూమ్ సేల్స్‌మెన్‌కు తప్ప ఎవరికీ అవసరం పడలేదు. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు కప్పీలు, బెల్టుతో నడిచే సీవీటీ కోవకు చెందిన ఐవీటీ, డీజిల్‌కు టార్క్ కన్వర్టర్‌తో నడిచే ఆరు గేర్ల ఆటోమేటిక్, టర్బో పెట్రోల్‌కు రెండు క్లచ్‌ల డీసీటీ. ఇప్పుడు ఆ తొలి బండ్లకు వారంటీ దాటిపోయింది, చాలావాటికి ఓనర్లూ మారుతున్నారు. వీటితో పాటు బెంగళూరులో పదేళ్లు తిరిగిన ఆటోమేటిక్ హోండా సిటీలు, హ్యుందాయ్ ఐ10లు కూడా అనంతపురం, హిందూపురం, ధర్మవరం సెకండ్‌హ్యాండ్ బేరాల్లో కనిపిస్తాయి. కొనేవాళ్లు టైర్లు చూస్తారు, ఇంజిన్ చప్పుడు వింటారు, మీటర్ తిప్పారా లేదా అని అనుమానపడతారు. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి మాత్రం అడగరు. నిజానికి పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సులు ఎక్కువగా పాడయ్యేది ఆ ఆయిల్ వేడికి మాడిపోవడం వల్లనే. అందుకే ఆయిల్ మార్చాల్సిన లెక్కను మీటర్ మీది కిలోమీటర్లతో కాకుండా, బండి భరించిన వేడితో కట్టాలి.

మామూలు గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని పళ్లు అరగకుండా చూడటం. ఆటోమేటిక్‌లో దానికి ఇంకా బరువైన పనులున్నాయి. ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్ ద్వారా చక్రాల వైపు మోసుకెళ్లేది ఆ ఆయిలే. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను బిగించేదీ, వాటి మధ్య పుట్టిన వేడిని బయటికి తెచ్చేదీ అదే. సాధారణంగా 80, 90 డిగ్రీల మధ్య అది హాయిగా పనిచేస్తుంది. ఆ పైన పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆయుష్షు సగానికి సగం పడిపోతుందని ఈ రంగంలో అందరూ వాడే స్థూలమైన లెక్క. వేడి పుట్టేది ముఖ్యంగా టార్క్ కన్వర్టర్ జారుతున్నప్పుడు, అంటే బండి మెల్లగా కదులుతూ ఇంజిన్ గట్టిగా లాగుతున్నప్పుడు. నలభై నాలుగో నంబరు హైవే మీద గుత్తి నుంచి పెనుకొండ దాకా తొంభైలో పోయే బండికి కన్వర్టర్ జారకుండా లాక్ అయిపోతుంది కాబట్టి, బయట ఎండ మండుతున్నా గేర్‌బాక్స్‌కు పెద్ద శ్రమ ఉండదు. అదే బండి ఏడుగురిని, వాళ్ల లగేజీని ఎక్కించుకుని మే నెలలో తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బస్సు వెనక పాకుతున్నప్పుడు, ఆ కాసేపటిలోనే హైవే మీద వందల కిలోమీటర్లకు పడనంత బాధ పడుతుంది. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ రెండు పూటలా నిలబడిన కారు కథా ఇదే. మీటర్ మీద అరవై వేలే ఉండొచ్చు. దాని గేర్‌బాక్స్, లక్షన్నర తిరిగిన హైవే బండి గేర్‌బాక్స్ కన్నా ముసలిదై ఉండొచ్చు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: కంపెనీ మాన్యువల్‌లోనే ఈ ఆయిల్ చూడనక్కర్లేదని రాసి ఉంది కదా, మెకానిక్‌కు ఎందుకీ ఆత్రం? రాసి ఉన్నది నిజమే. కానీ ఆ మాట మామూలు వాడకానికి ఇచ్చిన పట్టికలోది. హ్యుందాయ్, కియా మాన్యువళ్లలో కొన్ని పేజీలు తిప్పితే కఠిన వాడకానికి వేరే పట్టిక కనిపిస్తుంది. అందులో లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూ ఆటోమేటిక్ ఆయిల్ మార్చమని ఉంటుంది. కఠినం అంటే ఏమిటో కూడా చెబుతారు: దుమ్ము రోడ్లు, కొండ దారులు, 32 డిగ్రీలు దాటిన వేడిలో సగానికి మించి ఊరి ట్రాఫిక్. అనంతపురంలో ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా పగటి ఎండ ఆ 32 దగ్గరో, దాని పైనో ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో దుమ్ముకు కొదవా? మనకు వర్తించేది ఆ రెండో పట్టికేనని ఒప్పుకోవడానికి పెద్ద వాదన అక్కర్లేదు. బీఎండబ్ల్యూ లాంటి కార్లకు గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ ఇంకా సూటిగా చెబుతుంది. కార్ల కంపెనీలు జీవితకాలపు ఆయిల్ అని పిలుచుకునే దాన్నే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. కారు అమ్మేవాడి దృష్టిలో జీవితకాలం వారంటీతోనే ముగుస్తుందేమో, మూడో ఓనరుకు అది అప్పుడే మొదలవుతుంది.

ఇక్కడి నేలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, అది నీళ్లతో వస్తుంది. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది. చుట్టూ కూలెంట్, లోపల ఆయిల్, మధ్యలో పలుచని లోహపు గోడ. రేడియేటర్‌లో మట్టం తగ్గినప్పుడు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం మన దగ్గర మామూలే. ఉమ్మడి అనంతపురం జిల్లా భూగర్భజలం ఎలాంటిదో తెలియనిది కాదు. ఫ్లోరైడ్ బాధకు, నీటి ఎద్దడికి విరుగుడుగా 1990లలో సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా ఊళ్లకు తాగునీటి పథకం కట్టాల్సి వచ్చింది. ఉప్పులు నిండిన ఆ నీళ్లు రేడియేటర్ లోపల పొరలు కడతాయి, ముందు ఇంజిన్, ఆ వెంటే గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడటం మానేస్తాయి. తుప్పు ముదిరి మధ్య గోడకు చిల్లి పడితే సంగతి ఇంకా దారుణం. కూలెంట్ ఆయిల్‌లో కలిసి, ఎర్రటి ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగు నురగగా మారుతుంది. క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ కాగితపు పొర లాంటిది, ఇనుప రేకుకు జిగురుతో అతికించి ఉంటుంది. నీళ్లు తగిలితే ఆ జిగురు ఊడిపోతుంది. ఆ దశలో ఆయిల్ మార్చినా ఉపయోగం ఉండదు. వందల రూపాయల కూలెంట్ దగ్గర చేసిన పొదుపు గేర్‌బాక్స్ విప్పే దాకా వస్తుంది.

షెడ్లలో గట్టిగా వినిపించే రెండో అభ్యంతరం: పాత బండికి కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టేయలేం, అలా జరిగిన బండ్లు ఉన్నాయి. కాకపోతే ఆ బండ్లు షెడ్డుకు ఎప్పుడొచ్చాయో చూడాలి. పొద్దున డ్రైవ్‌లో వేస్తే రెండు క్షణాలు ఆగి జర్క్‌తో కదలడం, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తున్నా బండి ముందుకు పోకపోవడం, ఇలాంటి లక్షణాలు ముదిరాకనే ఎక్కువమందికి ఆయిల్ గుర్తొస్తుంది. అప్పటికే ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. అరిగిన పొడి పాత ఆయిల్‌లో తేలుతూ కాస్త పట్టునిస్తుంది, శుభ్రమైన ఆయిల్ రాగానే ఆ పట్టూ పోతుంది. నేరం ఆయిల్ మార్చడం కాదు, ఆలస్యంగా మార్చడం. రెండో కారణం ఫ్లషింగ్ మెషీన్లు. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ఒత్తిడితో కదిలిస్తే అది ఆయిల్‌ను పంచే వాల్వ్ బాడీ సన్నని దారుల్లో అడ్డం పడుతుంది. కింద ప్లగ్ తీసి ఆయిల్ వదిలేసి, వదిలిన కొలతే మళ్లీ పోయడం నిదానమైన పద్ధతి. అలా సగం ఆయిలే బయటికి వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది కాబట్టి కొన్నాళ్లు తిప్పి మరోసారి, అవసరమైతే ఇంకోసారి చేయాలి. అడుగు పాన్ విప్పగలిగే గేర్‌బాక్స్ అయితే లోపలి అయస్కాంతాన్ని ఓనరు తన కళ్లతో చూడటం మంచిది. దాని మీద కాటుకలా మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే అది సహజమైన అరుగుదలే. గోటికి గుచ్చుకునే ఇనుప తునకలు ఉంటే మాత్రం ఆయిల్ ఖర్చు కూడా దండగే. డిప్‌స్టిక్ లేని కొత్త రకాల్లో ఆయిల్ మట్టం చూడాలంటే ఇంజిన్ ఆన్‌లో ఉండి, కార్ల కంపెనీ చెప్పిన వేడికి ఆయిల్ చేరాలి. చల్లటి బండిలో చూపుతో అంచనా కట్టి పోసే చోట ఈ పని చేయించకపోవడమే మేలు.

కొట్టుకు వెళ్లి ‘ఆటోమేటిక్ ఆయిల్’ ఇవ్వమని అడిగితే ఇంకో ప్రమాదం. టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌కు పోసే ఏటీఎఫ్‌ను సీవీటీలో పోస్తే, కప్పీల మీద బిగిసి నడవాల్సిన ఉక్కు బెల్టు జారి గీతలు పడతాయి. మారుతి 2014లో సెలెరియోతో తెచ్చిన ఏఎంటీకి అసలు ఏటీఎఫ్‌తో పనే లేదు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే కాలి బదులు యంత్రం ఉందంతే. అక్కడ అరిగేది క్లచ్. టర్బో సెల్టోస్‌లోని డీసీటీలో క్లచ్‌లు పొడివి, వాటిని చల్లబరిచే ఆయిల్ లేదు. ఘాట్ ఎక్కుతూ ఆగినప్పుడు బ్రేక్ మీద కాకుండా యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టేవాళ్లు వాటిని కాల్చుకుంటున్నట్టే. ఈ ఆయిళ్ల వంటకం ఎంత సున్నితమో చెప్పాలంటే, 1970ల ఆరంభం దాకా జనరల్ మోటార్స్ ఏటీఎఫ్‌లో ప్లేట్ల పట్టు సరిగ్గా ఉండటానికి తిమింగలం నూనె వాడేవారు. అమెరికా దాన్ని నిషేధించాక కొత్త కలయిక వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయిల్ ఒక్కటే కాదు, దాన్ని తోసే పంపూ అంతే ముఖ్యం. 2024 ఫిబ్రవరిలో కియా 4,358 పెట్రోల్ సీవీటీ సెల్టోస్‌లను వెనక్కి పిలిపించింది ఎలక్ట్రానిక్ ఆయిల్ పంప్ కంట్రోలర్‌లో లోపం ఉండొచ్చన్న అనుమానంతోనే.

ఇంత గొడవ ఎందుకు, మాన్యువల్ కొనుక్కుంటే పోలేదా అంటే, గేరు మార్చడం ఇష్టమైనవాళ్లకు, ఓపిక ఉన్నవాళ్లకు అది సరైన మాటే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రోజూ ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకు కాదు. ఆయిల్ మార్పు వేలల్లో తేలుతుంది, గేర్‌బాక్స్ విప్పించాల్సి వస్తే లక్ష దాకా పోవచ్చు. దారిలో ఆగిపోయిన రోజున తెలిసి ఉండాల్సింది మరొకటి. హైవే మీద ట్రాక్టర్‌కో లారీకో తాడు కట్టి లాగించుకోవడం మన అలవాటు. ఆటోమేటిక్‌లో ఇంజిన్ ఆగితే ఆయిల్ పంప్ కూడా ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ లేకుండానే రాసుకుంటాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు చక్రాలు నేలకు తగలకుండా లేపాలి, ఇంకా మంచిది మొత్తం బండిని ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించడం. అది వచ్చేదాకా చెట్టు నీడన కూర్చోవడమే.